ఐదు రిపోర్టులు, ఒక గుండిగ: ఓ హోటల్ తనిఖీ రికార్డు మీద కేస్ స్టడీ

యజమాని ఐదు తనిఖీ రిపోర్టులు టేబుల్ మీద పరిచి, "మీరే చెప్పండి మేడం, ఇంకా ఏం చేయమంటారు?" అని అడిగారు. 26 నెలల్లో 5 ఆహార భద్రత తనిఖీలు జరిగాయి. వందకు వచ్చిన మార్కులు వరుసగా 71, 84, 78, 88, 62. చివరి తనిఖీ మామూలుగా వచ్చింది కాదు. అక్కడ రాత్రి భోజనం చేసిన ఇద్దరు కస్టమర్లు కడుపునొప్పి, విరేచనాలని ఫిర్యాదు చేస్తే వచ్చింది.

ఈ రెండేళ్లలో ఆయన ఊరికే కూర్చోలేదు. వంటగదికి కొత్త టైల్స్ వేయించారు, గోడలకు రంగులు వేయించారు, ఫ్రిజ్ మెకానిక్‌ని మూడుసార్లు పిలిపించారు, పనివాళ్లందరికీ టోపీలు, ఏప్రాన్లు కొన్నారు. "ఒక్కో ఆఫీసర్ వచ్చి ఒక్కోటి రాస్తారు. రాసినవన్నీ చేశాను. చేసిన కొద్దీ కొత్తవి పుట్టుకొస్తున్నాయి" అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. రిపోర్టుల్లో రాసిన దాదాపు ప్రతి లైనుకీ బిల్లు చూపించగలరు. అయినా అదే వంటగదిలో తిన్న ఇద్దరు జబ్బుపడ్డామంటున్నారు.

ఆహార భద్రత విషయంలో హోటళ్లకు సలహాలివ్వడం నా పని. ఈ కేసును ఆయన అనుమతితో, హోటల్ ఏదో తెలియకుండా రాస్తున్నాను. నేను చూసిన చాలా హోటళ్ల రికార్డుల్లో ఇదే కథ కనిపిస్తుంది.

రికార్డును అడ్డంగా చదివాను

ముందు మార్కులు పక్కన పెట్టాను. ఆఫీసర్ వచ్చిన ఆ రెండు గంటల్లో కంటికి కనిపించిన దానికే మార్కు పడుతుంది. పైగా మార్కులు వేసే పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. న్యూయార్క్ నగరంలో తప్పులకు పాయింట్లు కలుపుతూ పోతారు. 13 దాకా ఉంటే ఏ గ్రేడు, 14 నుంచి 27 దాకా బి, 28 నుంచి ఆపైన సి. ఇంగ్లండ్‌లో 0 నుంచి 5 దాకా రేటింగ్ ఇస్తారు. ఆహారాన్ని వండి, నిల్వచేసే తీరు, వంటగది కట్టడం, శుభ్రత ఎలా ఉన్నాయో చూడటంతో పాటు, ఈ యాజమాన్యం రేపు కూడా ఇలాగే నడుపుతుందని ఆఫీసర్‌కు ఎంత నమ్మకం కుదిరిందో కూడా అందులో లెక్కే. డెన్మార్క్‌లో 2001 నుంచి నవ్వు ముఖం బొమ్మలతో రిపోర్టును కస్టమర్లకు కనిపించేలా పెడుతున్నారు. అందులో చివరి నాలుగు తనిఖీల ఫలితాలు పక్కపక్కనే ఉంటాయి. నాకు బాగా నచ్చింది ఆ నాలుగూ పక్కపక్కన పెట్టడమే. ఒక తనిఖీని విడిగా చూస్తే వంటగది సంగతి తెలియదు. నాలుగు కలిపి చూస్తే తెలుస్తుంది.

నేనూ ఒక పెద్ద కాగితం తీసుకుని, తనిఖీకి ఒక నిలువు గడి చొప్పున ఐదు గీశాను. అడ్డం వరుసల్లో ఆఫీసర్లు రాసిన ఒక్కో లోపం. మొత్తం 41 లైన్లు వచ్చాయి. చాలావరకు ఒకసారి కనిపించి మళ్లీ రానివే. పగిలిన టైలు, కవర్ లేని ట్యూబ్‌లైటు, డ్రైనేజీ మీద జాలీ లేకపోవడం, ఒకసారి బొద్దింకలు. వాటన్నిటినీ ఆయన నిజంగానే బాగు చేయించారు. 71 నుంచి 84కి, 78 నుంచి 88కి మార్కులు పెరిగింది అందుకే.

పెన్సిల్‌తో కొట్టేస్తూ పోతే చివరికి కొన్ని లైన్లు మిగిలాయి. మొదటి రిపోర్టులో "ఫ్రిజ్ లోపల 9 డిగ్రీలు" అని ఉంది. రెండోదాంట్లో "ఫ్రిజ్ పైభాగం నుంచి నీటి చుక్కలు మూత లేని పాత్రల్లో పడుతున్నాయి", "ఉష్ణోగ్రత రిజిస్టర్ ఖాళీగా ఉంది." మూడోదాంట్లో "తలుపు రబ్బరుకు బూజు", "వండిన తేదీ లేబుళ్లు లేవు." నాలుగోదాంట్లో "ఫ్రిజ్ కాయిల్ మీద మంచు పేరుకుంది." ఐదోదాంట్లో మళ్లీ "ఫ్రిజ్ 11 డిగ్రీలు", "రిజిస్టర్ నమ్మదగినట్టు లేదు."

మాటలు వేరు, రాసిన ఆఫీసర్లు వేరు. యజమాని దృష్టిలో ఇవి ఏడెనిమిది వేర్వేరు తప్పులు. ఒక్కోదాన్ని విడిగా బాగు చేయిస్తూ వచ్చారు. రబ్బరు మార్చారు, కాయిల్ మంచు గీకించారు, ఫ్రిజ్‌ను ఇంకా చల్లటి సెట్టింగ్‌లో పెట్టారు. నాకు మాత్రం అవన్నీ ఒకే చోటు నుంచి వస్తున్నట్టు అనిపించింది. ఫ్రిజ్‌లోకి ఎవరో ఆవిరి పంపిస్తున్నారు. ఆవిరి లోపలి పైభాగానికి తగిలి చుక్కలవుతుంది, కాయిల్‌కు తగిలి మంచవుతుంది. మంచు పేరుకుంటే కాయిల్ గుండా గాలి ఆడదు, ఫ్రిజ్ చల్లబడదు. రబ్బరు ఎప్పుడూ తడిగా ఉంటే బూజు పడుతుంది. మెకానిక్ వచ్చి మంచు గీకి వెళ్లాక పది రోజులు బాగానే పనిచేస్తుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఆవిరి ఎక్కడిదో తెలియాలంటే ఆఫీసర్లు వచ్చే వేళకు వెళ్తే లాభం లేదు. ఐదు రిపోర్టుల్లోనూ తనిఖీ సమయం పొద్దున పది, పదకొండు గంటలే.

ఆ రాత్రి

రాత్రి పదింటికి వెళ్లి ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. 10.50కి మరుసటి రోజు వాడే గ్రేవీ పొయ్యి మీంచి దించారు. 40 లీటర్ల గుండిగ. గ్రేవీ లోతు స్కేలు పెట్టి కొలిస్తే 38 సెంటీమీటర్లు. వంట మాస్టర్ అప్పటికే పన్నెండు గంటలుగా నిలబడి ఉన్నారు. పాత్రలు కడిగేవాళ్లు ఇంటికి వెళ్లే తొందరలో ఉన్నారు. 11.20కి ఇద్దరు చెరో చెవి పట్టుకుని ఆ గుండిగను ఎత్తి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టారు. మూత ఏటవాలుగా వేశారు. తలుపు మూసేలోపే లోపలి అద్దం తెల్లబడిపోయింది. అప్పుడు గ్రేవీ 86 డిగ్రీలుంది. వైరు ఉన్న థర్మామీటర్ ఒకటి నడిమధ్యకు, ఇంకొకటి అంచు దగ్గరకు దించి ఇంటికి వెళ్లాను.

పొద్దున 6.10కి అంచున 39, నడుమ 51. పక్కన అరలో ఉన్న పాలు 11 డిగ్రీలు. తొమ్మిదిన్నరకు గుండిగ మళ్లీ పొయ్యెక్కే ముందు కూడా నడుమ 45 డిగ్రీలుంది. అంటే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిన గ్రేవీ పొద్దున్నకి కూడా వెచ్చగానే ఉంది. పదకొండింటికి వచ్చే ఆఫీసర్‌కు గుండిగ పొయ్యి మీద ఉడుకుతూ కనిపిస్తుంది. అందులో తప్పు పట్టడానికేమీ ఉండదు. ఫ్రిజ్‌లో మిగిలిన చుక్కలు, మంచు, 11 డిగ్రీల పాలు మాత్రమే ఆయన కంట పడతాయి. ఆయన అవే రాశారు.

మన వాళ్లు చాలామంది ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటారు. చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచడానికే మామూలు ఫ్రిజ్ పనికొస్తుంది. పొయ్యి మీంచి దించిన 40 లీటర్లను చల్లార్చేంత బలం దానికి ఉండదు. చిక్కటి పదార్థంలో వేడి నడుమ నుంచి బయటికి మెల్లగా పాకుతూ రావాలి. లోతు రెట్టింపైతే చల్లారే సమయం రెట్టింపుతో ఆగదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. 5 సెంటీమీటర్ల లోతున్న ట్రేకూ 38 సెంటీమీటర్ల గుండిగకూ ఉన్న తేడాను ఈ లెక్కన చూడాలి.

ఇందులో అసలు భయపడాల్సినది క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా. మాంసం, గ్రేవీల్లాంటివి పెద్ద మొత్తంలో వండి మెల్లగా చల్లార్చే చోట అది పెరుగుతుంది. దాని స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోతున్నట్టుండే రూపాలు, ఉడికించినా చావవు. పైగా ఉడికేటప్పుడు మిగతా సూక్ష్మజీవులు చచ్చిపోయి దానికి పోటీ లేకుండా పోతుంది. 43 నుంచి 47 డిగ్రీల మధ్య దానికి బాగా అనుకూలం. ఆ వేడిలో సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పొద్దున తొమ్మిదిన్నరకు గుండిగ నడుమ నేను చూసిన 45 సరిగ్గా అదే. అందుకే కొన్ని దేశాల నిబంధనల్లో చల్లార్చడానికి రెండు గడువులు పెట్టారు. 60 నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో దిగాలి, అక్కడి నుంచి 5 డిగ్రీలకు ఇంకో 4 గంటల్లో. మొదటి గడువు అంత బిగువుగా ఉండటానికి కారణం ఆ మధ్యలోని వేడిలోనే బ్యాక్టీరియా విజృంభించడం.

"పొద్దున మళ్లీ మరిగిస్తాం కదా మేడం" అన్నారు మాస్టర్. సూటి ప్రశ్న, జవాబు కూడా సూటిగానే చెప్పాలి. నడిమధ్య దాకా 74 డిగ్రీలు దాటేలా వేడిచేస్తే పర్‌ఫ్రింజెన్స్ చాలావరకు చస్తుంది, నిజమే. కానీ ఆయన గుండిగ మొత్తాన్ని మరిగించడం నేను చూడలేదు. అంచుల్లో బుడగలు రాగానే గరిటెతో తీసి వాడటం మొదలైంది. ఇంకోటి, ఉడికిన అన్నంలాంటి వాటిలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే ఇంకో బ్యాక్టీరియా వదిలే ఒక విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా పోదు. ఒకసారి తయారయ్యాక మరిగించి దాన్ని వదిలించుకోలేం. తయారవకుండా చూసుకోవాలి, అంతే.

ఫిర్యాదు చేసిన ఇద్దరికీ తిన్న పది, పన్నెండు గంటలకు కడుపునొప్పి మొదలైంది. పర్‌ఫ్రింజెన్స్‌తో వచ్చేది 6 నుంచి 24 గంటల మధ్య మొదలవుతుంది కాబట్టి అది ఇక్కడ సరిపోతుంది. అయితే ఆ రోజు ఆహారం శాంపిల్ ఎవరి దగ్గరా లేదు, ల్యాబు పరీక్ష జరగలేదు. ఈ గ్రేవీ వల్లే అని నేను రాయలేదు, రాయను. కానీ ఆ గుండిగను చూశాక ఇంకో మనిషి జబ్బుపడే దాకా ఆగి చూద్దామని అనలేను.

రిజిస్టర్ రాసే అబ్బాయి

ఉష్ణోగ్రత రిజిస్టర్ తెరిచాను. రోజుకు రెండుసార్లు, నెల పొడుగునా "4" అని ఉంది. ఒకే నీలం పెన్ను, ఒకే ఒత్తిడి, ఒకే వాలు. పైప్‌లైన్ పని కోసం హోటల్ మూసేసిన రెండు రోజులకు కూడా 4, 4 అని ఉంది. ఎవరు రాస్తారని అడిగితే పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల అబ్బాయి ముందుకొచ్చాడు. భయపడుతున్నాడు. పక్కకు తీసుకెళ్లి మెల్లగా అడిగాను. "ఆఫీసర్ వస్తే ఖాళీలు ఉండకూడదన్నారు మేడం. అందుకే నెలాఖరున కూర్చుని నింపేస్తాను" అన్నాడు.

అతని మీద నాకు కోపం రాలేదు. రెండో రిపోర్టులో "రిజిస్టర్ ఖాళీగా ఉంది" అని ఉంది. యజమాని ఆ మాటనే అక్షరాలా పాటించి ఖాళీలు లేకుండా చేశారు. ఫ్రిజ్‌లో ఎంతుందో చూడటం ఎందుకో ఎవరూ ఆ అబ్బాయికి చెప్పలేదు. థర్మామీటర్ ఎక్కడుందో కూడా అతనికి తెలియదు. వెతికితే సొరుగులో దొరికింది. ఐసు నీళ్లలో పెట్టి చూశాను. 0 చూపించాల్సింది మైనస్ 3 చూపించింది. అంటే ఒకవేళ అతను నిజాయతీగా చూసి రాసినా 7 డిగ్రీలున్న ఫ్రిజ్‌కు 4 అనే రాసేవాడు. ఈ పరీక్ష చిన్నదే. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, కొంచెం నీళ్లు పోసి, కాసేపు కలిపి థర్మామీటర్ ముంచితే చాలు. ఏ హోటల్‌కి వెళ్లినా నేను మొదట చేసే పని ఇదే. చాలాచోట్ల అంతకుముందు ఎవరూ చేసి ఉండరు.

మార్పు, అందులో నా పొరపాటు

అదే గ్రేవీని 5 సెంటీమీటర్ల లోతుకు మించకుండా ఆరు స్టీలు ట్రేల్లో పోసి, సింకులో ఐసు నీళ్ల మీద పెట్టి, కలుపుతూ చల్లార్చి, ఆ తర్వాత ఫ్రిజ్‌లోకి పంపాలని చెప్పాను. కాగితం మీద బాగానే ఉంది. మొదటి వారమే తేలిపోయింది. రెండు రోజుల్లో ఐసు అయిపోయింది. 40 లీటర్లను 86 నుంచి 21కి ఐసుతోనే దించాలంటే సుమారు 30 కిలోల ఐసు కరగాలి. ఆ లెక్క నేను ముందే వేసి ఉండాల్సింది, వేయలేదు. మూడో రోజు ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి ఫ్రిజ్‌లో పెట్టేశారు. నడిమి ట్రే పొద్దున్నకి 31 డిగ్రీలుంది. ఆరు ట్రేలు పేరిస్తే మళ్లీ గుండిగే అవుతుందని నేను వాళ్లకు చెప్పలేదు. అప్పటికి రాత్రి పన్నెండవుతోంది, అందరికీ విసుగొచ్చేసింది.

దారి చూపించింది మాస్టరే. "రాత్రి దించేది సాయంత్రం నాలుగింటికే దించేస్తే? అప్పుడు పని తక్కువ, మనుషులందరూ ఉంటారు. రెండు విడతలుగా చేస్తాను" అన్నారు. ఇరవై ఏళ్లకు పైగా వంట చేస్తున్న మనిషి. ఇన్నాళ్లూ చల్లార్చే పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు, వండమనే అడిగారు. అడిగితే పది నిమిషాల్లో పరిష్కారం చెప్పారు.

ఇప్పుడు 20 లీటర్ల చొప్పున రెండుసార్లు వండుతున్నారు. ట్రేల్లో పోశాక ముందు మామూలు కుళాయి నీళ్లు చుట్టూ పారించి 45 దాకా దించుతారు, అక్కడి నుంచే ఐసు. అలా చేస్తే విడతకు 6 కిలోల ఐసు సరిపోతోంది. ట్రేల మధ్య గాలి ఆడేలా ఒక వైరు స్టాండు కొన్నారు. మొత్తం ఖర్చులో పెద్దది అదే, టైల్స్‌కు పెట్టినదాంట్లో చిన్న ముక్క. నేను కొలిచిన మూడు రోజుల్లోనూ 60 నుంచి 21కి గంటా పది నిమిషాల్లోపే దిగింది, మొత్తం ఐదు గంటల్లోపే 5 డిగ్రీల కిందికి వచ్చింది. మూడు వారాల తర్వాత ఫ్రిజ్ కాయిల్ చూస్తే మంచు లేదు. మెకానిక్‌ని మళ్లీ పిలవలేదు.

రికార్డులో ఇంకో లైను ఉంది. ఐదో రిపోర్టు చివర చిన్న అక్షరాలతో "అనారోగ్యంతో ఉన్న సిబ్బంది వివరాల నమోదు లేదు" అని రాశారు. యజమాని దాన్ని పట్టించుకోలేదు. నాకది చాలా పెద్ద విషయం. విరేచనాలు, వాంతులు తగ్గిన తర్వాత కూడా 48 గంటల దాకా ఆ మనిషి ఆహారం ముట్టుకోకూడదు. నోరోవైరస్ లాంటిది చాలా కొద్దిగా చేతికి అంటుకున్నా చాలు, పదిమందికి పాకుతుంది. ఇది అక్కడ అందరికీ ఎంతోకొంత తెలుసు. తెలిసీ ఎందుకు చెప్పరంటే, చెబితే ఆ రెండు రోజుల కూలీ పోతుంది. అద్దె కట్టాల్సిన మనిషి కడుపు పట్టుకునైనా పనికొస్తాడు. రిజిస్టర్ పెట్టినంత మాత్రాన దీన్ని సరిచేయలేం. ఆ రెండు రోజులకు కూలీ ఇవ్వండని గట్టిగా అడిగాను. ఆయన రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా సంతోషమనిపించింది ఆ ఒప్పుకోవడమే.

ఆరో తనిఖీ

మార్కు 91 వచ్చింది. స్టోర్‌రూమ్‌లో పగిలిన టైలుకు, చేతులు కడిగే సింకు దగ్గర సబ్బు అయిపోయి ఉన్నందుకు తగ్గించారు. సబ్బు విషయంలో ఆఫీసర్ రాసింది న్యాయమే, నేనూ అదే రాసేదాన్ని.

ఆ రోజు నేనక్కడ లేను, యజమాని తర్వాత ఫోన్‌లో చెప్పారు. ఆఫీసర్ రిజిస్టర్ తీసి చాలాసేపు చూశారట. ఇప్పుడందులో అన్నీ 4లు లేవు. 3, 5, 4, ఒకచోట 6. ఒక మంగళవారం సాయంత్రం దగ్గర వేలు పెట్టి, ఇది ఎవరు రాశారని అడిగారట. యజమానికి టెన్షన్ మొదలైంది, ఎందుకంటే అక్కడ 11 అని ఉంది. ఆ అబ్బాయి ముందుకొచ్చి నేనేనన్నాడు. 11 పక్కన అతని చేతిరాతలోనే ఇలా ఉంది: "తలుపు సరిగ్గా పడలేదు. పాలు పారేశాం. ట్రేలు రెండో ఫ్రిజ్‌లోకి మార్చాను. అరగంట తర్వాత చూస్తే 5."

ఆఫీసర్ ఆ పేజీకి ఫొటో తీసుకుని, తన రిపోర్టుకు జతచేశారు.